వేళ్లు మొద్దుబారాక ఏం మిగులుతుంది: గాలివానలో స్టాండర్డ్ ట్రయథ్లాన్, ఒక కేస్ స్టడీ

పరిస్థితి

1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిల్, 10 కి.మీ. పరుగు. ఒకరి వెనక ఒకరు నక్కి తొక్కడానికి వీల్లేని ఏజ్ గ్రూప్ రేసు, అంటే వయసుల వారీగా పోటీపడే ఔత్సాహికులది. సరస్సు నీళ్లు 17 డిగ్రీలు, బయట గాలి 10 డిగ్రీలు. గాలి వేగం గంటకు 30 కి.మీ., విసురొస్తే 45. తెల్లవారుజాము నుంచి ఆగని వాన. సైకిల్ దారి సరస్సు ఒడ్డున 10 కి.మీ. చుట్టు, నాలుగుసార్లు తిరగాలి. అందులో ఒక పక్కంతా గాలికి అడ్డు లేదు.

క్రీడాకారుడికి 38 ఏళ్లు, 68 కిలోలు, ఒంటిమీద కొవ్వు తక్కువ, ఎఫ్‌టీపీ (దాదాపు గంటసేపు నిలకడగా తొక్కగల శక్తి) 240 వాట్లు. ఈత 27 నిమిషాలు, సైకిల్ 210 వాట్ల సగటుతో 68 నిమిషాలు, పరుగు 43 నిమిషాలు అనుకున్నాడు. వచ్చినవి 29, 75, 48. అనుకున్నదానికన్నా మొత్తం 14 నిమిషాలు ఎక్కువ. అందులో నీళ్లలో పోయినవి రెండే.

ఇది ఏ ఒక్కరి రేసూ కాదని ముందే చెప్పాలి. ఇలాంటి రోజుల్లో మళ్లీ మళ్లీ జరిగేవాటిని ఒకే మనిషి మీద పేర్చి, పాఠం కోసం తయారుచేసిన కేసు. ఇతని అంకెలన్నీ అందుకోసం పెట్టుకున్నవే. నియమాలు, శరీరం పనిచేసే తీరు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

చెడు వాతావరణం అనగానే అందరి భయం ఈత మీదికే పోతుంది. ప్రాణాపాయం లెక్కన ఆ భయం సరైనదే. కానీ రేసు చేజారేది ఎక్కువగా సైకిల్ మీద. అదీ కాళ్లలో సత్తువ లేక కాదు, వేళ్లు పనిచేయక. ఈ కేసులో తర్వాత జరిగినవన్నీ వేళ్లతోనే మొదలయ్యాయి.

నీళ్లలో

ఈ క్రీడ అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ ట్రయథ్లాన్ నియమాల ప్రకారం రేసుకు గంట ముందు, 60 సెం.మీ. లోతులో, దారి మధ్యలోనూ ఇంకో రెండు చోట్లా నీటి ఉష్ణోగ్రత కొలుస్తారు. వాటిలో తక్కువగా వచ్చిందే అధికారిక అంకె. ఈ దూరంలో ఏజ్ గ్రూప్ వాళ్లకు 22 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు ఈత దుస్తు) నిషేధం, 16 కన్నా తగ్గితే తప్పనిసరి. బయట గాలి బాగా చల్లగా ఉంటే దాన్ని కూడా కలిపి నీటి అంకెను కిందికి దించి చూస్తారు. అందుకని కొలిచింది 17 వచ్చినా ఈత తగ్గించవచ్చు. ఉరుములు, మెరుపులు ఉంటే ఈత మొదలే కాదు. వేసుకోవచ్చు, మానుకోవచ్చు అన్న ఉష్ణోగ్రత వచ్చినా ఇలాంటి రోజున వెట్‌సూట్ మానుకోవడంలో లాభం లేదు. దాని మందం 5 మి.మీ. మించకూడదు. భుజాల దగ్గర బిగుతుగా ఉంటే ఒడ్డు మీదే పైకి లాగి సర్దుకోవాలి. ఛాతీని నొక్కే సూట్‌తో చల్లటి నీళ్లలో ఊపిరి ఇంకా కష్టమవుతుంది.

ఇతను నీళ్లలో వార్మప్ చేయలేదు. ఒడ్డున నిలబడి చలికి వణకడం ఎందుకనుకున్నాడు. హారన్ మోగగానే దూకాడు. మొదటి 100 మీటర్లలోనే ఊపిరి అందక తల బయటపెట్టి బ్రెస్ట్‌స్ట్రోక్‌లోకి మారాడు. చర్మం ఒక్కసారిగా చల్లబడితే మన ప్రమేయం లేకుండానే గట్టిగా గాలి పీలుస్తాం, ఆ తర్వాత ఊపిరి వేగం అదుపు తప్పుతుంది. దీన్నే కోల్డ్ షాక్ అంటారు. ఒకటి నుంచి మూడు నిమిషాల్లో దానంతటదే సద్దుమణుగుతుంది. ఆ మూడు నిమిషాలు రేసులో గడుస్తాయా, రేసుకు ముందే గడిచిపోతాయా అన్నదే తేడా. మొదలుకు పది నిమిషాల ముందు నీళ్లలో దిగి, ముఖం ముంచి నెమ్మదిగా ఊపిరి వదులుతూ మూడు నాలుగు నిమిషాలు ఉంటే చాలు. దిగనివ్వకపోతే వెట్‌సూట్ మెడలోంచి ఒక సీసా నీళ్లు లోపలికి పోసుకుని, ముఖం తడుపుకోవాలి. కటువుగా అనిపిస్తుంది గానీ పనిచేస్తుంది.

ఇందులోనే ఇంకో సంగతుంది. ముఖం చల్లటి నీళ్లలో మునిగితే గుండె నెమ్మదించాలని ఒక సంకేతం వెళుతుంది. ఒంటి చర్మం చల్లబడితే గుండె పరిగెత్తాలని ఇంకోటి. రెండూ ఒకేసారి తగిలితే గుండె లయ తప్పవచ్చు. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు, ఆ అనుమానం ఉన్నవాళ్లు ఇలాంటి రోజున మొదటి గుంపుతో దూకకూడదు. ఈత మధ్యలో దగ్గు ఆగకపోయినా, ఊపిరిలో గురగుర వినిపించినా, ఉమ్మితే గులాబీరంగు నురగ వచ్చినా అది ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న లక్షణం. అక్కడితో రేసు అయిపోయినట్టే. వెల్లకిలా తిరగకుండా నిటారుగా తేలుతూ చెయ్యెత్తి పడవను పిలవాలి.

అలల్లో ఇతని ఈత తీరు కూడా దెబ్బతీసింది. కొలనులో నేర్చుకున్న మోచేయి పైకెత్తే రికవరీని, అంటే చేతిని నీళ్ల పైనుంచి ముందుకు తెచ్చే తీరును, అలాగే వాడాడు. ప్రతి మూడో అల చేతిని కొట్టింది. అలలున్నప్పుడు చేతిని కాస్త చాపి, ఎత్తుగా తిప్పాలి. లాగుడు పొడుగు తగ్గించి, నిమిషానికి స్ట్రోకులు పెంచాలి. ఊపిరి అలలు వచ్చే వైపు కాకుండా వాటికి ఎడంగా ఉన్న వైపు తీసుకోవాలి. తిరుగు దారిలో అది అవతలి పక్కకు మారుతుంది కాబట్టి రెండు వైపులా ఊపిరి తీసుకోవడం రానివాడికి సగం ఈత నీళ్లు మింగుడే. నీళ్లలో ఉన్నంతసేపూ గాలి పూర్తిగా వదిలేస్తే, బయటికి వచ్చిన ఆ చిన్న వ్యవధిలో పీల్చుకోవడానికి చోటుంటుంది.

బోయా (దారి చూపే తేలే గుర్తు) కనబడటం లేదని ప్రతి నాలుగు స్ట్రోకులకూ తలెత్తాడు. తల ఎత్తినప్పుడల్లా నడుం మునిగింది. తల ఎత్తాల్సింది అల మీదికి లేచినప్పుడు మాత్రమే. పల్లంలో ఉన్నప్పుడు ఎత్తితే ఎదురుగా నీటిగోడే కనబడుతుంది. గాలికి బోయాలు కొట్టుకుపోతాయి కూడా. అందుకే బోయా వెనకాల ఒడ్డున కదలని గుర్తును, నీటి ట్యాంకునో ఎత్తయిన చెట్టునో, ముందురోజే చూసిపెట్టుకోవాలి. పక్కగాలిలో బోయాకు సూటిగా ఈదితే అవతలికి నెట్టుకుపోతాం. గాలి వచ్చే వైపు కొంత మొగ్గి ఈదాలి.

చెవిలోకి చల్లటి నీళ్లు దూరితే లోపలి చెవిలోని ద్రవం చల్లబడి తల తిరుగుతుంది. నీళ్లలోంచి లేవగానే తూలిపోవడానికి ఇదొక కారణం. రెండు టోపీలు వేసుకుని గాగుల్స్ పట్టీని వాటి మధ్య పెట్టుకుంటే, ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే ఇది బాగా తగ్గుతుంది. లోపలిది నియోప్రీన్ టోపీ అయితే మరీ మంచిది.

టీ1 (ఈత నుంచి సైకిల్‌కు మారే చోటు): మిగుల్చుకున్న 25 సెకన్లు

నీళ్లలోంచి బయటికి వచ్చాక ఒళ్లు వెంటనే వేడెక్కదు. చల్లబడిన చేతులు, కాళ్ల నుంచి రక్తం మళ్లీ లోపలికి వస్తుంది కాబట్టి లోపలి ఉష్ణోగ్రత ఇంకొంత సేపు దిగుతూనే ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే తడి ట్రై సూట్‌తో (మూడింటికీ ఒకటే అయిన బిగుతు దుస్తు) సైకిలెక్కి గాలిలోకి వెళ్తాం.

బల్ల మీద విండ్ జాకెట్, ఆర్మ్ వార్మర్లు (చేతులకు తొడుక్కునే విడి గొట్టాలు) పెట్టుకున్నాడు. అందరూ పరిగెత్తుతుంటే ఆగలేక వాటిని అక్కడే వదిలేశాడు. తన లెక్కలో 25 సెకన్లు మిగిలాయి. హెల్మెట్ దగ్గర అందులో సగం పోయింది. బకిల్ రెండు కొసలూ గడ్డం కింద కలిశాయి, కానీ నొక్కే బలం బొటనవేలికి లేదు. రెండుసార్లు జారి, మూడోసారి అరచేతి మడమతో నొక్కితే టక్కుమంది. హెల్మెట్ పట్టీ పడకుండా సైకిల్‌ను స్టాండ్ నుంచి తీస్తే జరిమానా. కాబట్టి ఇక్కడ తొందరపడీ లాభం లేదు. అయస్కాంతపు బకిల్ ఉన్న హెల్మెట్ మామూలు రోజున సరదా వస్తువు, ఈ రోజున అవసరం.

సర్దుకోవాల్సిన తీరు ఇది. హెల్మెట్ వెల్లకిలా పెడితే వాన నిండుతుంది, బోర్లా పెట్టాలి. తువ్వాలు, జాకెట్, సాక్సులు, పరుగు బూట్లు వేర్వేరు ప్లాస్టిక్ సంచుల్లో మూతి మడిచి ఉండాలి. వెట్‌సూట్ నడుం దాకా పరిగెత్తుతూనే దించేసి, తువ్వాలుతో ఛాతీ, చేతులు ఒక్కసారి గట్టిగా తుడుచుకోవాలి. జాకెట్ జిప్ సగం పైకి వేసి ఉంచితే తలమీదుగా తొడుక్కోవచ్చు. తడి వేళ్లతో జిప్ కొసలు కలపడం ఇంచుమించు అసాధ్యం. చేతి తొడుగులు ఒక సైజు పెద్దవి పెట్టుకోవాలి, తడిచేతికి సరైన సైజు ఎక్కదు. ఆర్మ్ వార్మర్లను ముందే చుట్టలా మడిచి ఉంచితే మణికట్టు నుంచి పైకి విప్పుకుంటూ పోవచ్చు. మొత్తానికి 40 నుంచి 60 సెకన్లు. బూట్లు పెడల్‌కే తగిలించి ఎగిరెక్కే పద్ధతి ఈ రోజు వద్దు. మొద్దుబారిన పాదం బూటులోకి దూరదు, తడి రోడ్డు మీద ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని వంగడం పడటానికి దగ్గర దారి.

ఆర్మ్ వార్మర్ల గురించి ఒక మాట ఎక్కువే చెప్పాలి. చలికి చేతి తొడుగులే మందని అందరూ అనుకుంటారు. వేళ్లను మడిచే, చాచే పెద్ద కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి తీగల్లా స్నాయువులు వేళ్ల దాకా వస్తాయి. ముంజేయి చల్లబడితే ఎంత మంచి తొడుగు వేసినా వేళ్లు మందగిస్తాయి. రెండిట్లో ఒకటే వేసుకునే టైముందంటే ముంజేతిని కప్పేదే ఎంచుకోవాలి.

సైకిల్ మీద

ఎదురుగాలి 30, మన వేగం 30 అయితే ఒంటికి తగిలే గాలి గంటకు 60 కి.మీ. 10 డిగ్రీల్లో ఆ గాలి పొడి చర్మానికి సుమారు 5 డిగ్రీల్లా తగులుతుంది. తడి చర్మం సంగతి వేరు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2.4 కిలోజౌళ్లు కావాలి. ట్రై సూట్ పావుకిలో నీళ్లు పట్టుకుంటే అవి ఆరడానికి 600 కిలోజౌళ్లు. ఆ వేడి అంతా ఒంట్లోంచే పోదు, కానీ చాలా భాగం పోతుంది. పైగా వాన మళ్లీ తడుపుతూనే ఉంటుంది. 68 కిలోల ఒంటిని ఒక డిగ్రీ దించడానికి సుమారు 240 కిలోజౌళ్లు పోతే చాలని గుర్తుపెట్టుకుంటే ఈ అంకె బరువు తెలుస్తుంది. నీళ్లను ఆపకపోయినా గాలిని ఆపే పలచని జాకెట్ ఈ నష్టాన్ని ఎక్కడికక్కడ కోస్తుంది. లోపల తడి ఉన్నా ఫర్వాలేదు.

మరి ఒంట్లో పొయ్యి ఎంత? తొక్కేవాడి శ్రమలో పెడల్‌కు చేరేది ఐదో వంతు చిల్లర, మిగతాది వేడే. 210 వాట్లు తొక్కుతుంటే దాదాపు 750 వాట్ల వేడి పుడుతుంది. ఇతని నాలుగు చుట్ల సగటు వరుసగా 212, 205, 180, 162. చివరి చుట్టులో పుట్టిన వేడి మొదటి చుట్టుకన్నా 170 వాట్ల పైచిలుకు తక్కువ. నష్టం అంతే ఉందనుకుంటే 20 నిమిషాల్లో ఈ తేడా ఒక్కటే ఒంటిని ఒక డిగ్రీకి కాస్త తక్కువగా దించగలదు. చలేసింది కాబట్టి నెమ్మదించాడు, నెమ్మదించాడు కాబట్టి ఇంకా చలేసింది. ఈ వలయంలో పడ్డాక జాకెట్ లేకుండా బయటపడటం కష్టం. చలిగా ఉంది, కొంచెం దాచుకుందామని వాట్లు తగ్గించమనే సలహా అందుకే ఈ వాతావరణంలో పనికిరాదు. దిగుడులో పెడల్ ఆపేయకుండా తేలిక గేరులో తిప్పుతూ ఉండటానికి కారణం కూడా ఇదే.

వాట్లు పడిపోవడానికి చలి ఒక్కటే కారణం కాదు. గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ ప్లాన్, అంటే సైకిల్ మీద 25 గ్రాముల జెల్స్ (చిన్న ప్యాకెట్లలో వచ్చే చిక్కటి తీపి పాకం) మూడు. తిన్నది ఒకటే. రెండోది 14వ కిలోమీటరు దగ్గర తీశాడు. చలికి జెల్ గట్టిపడి ఉంది, రేపర్ చివర వేళ్లకు చిక్కలేదు, పళ్లతో చింపబోతే జారి రోడ్డు మీద పడింది. మూడోదాన్ని తీసే ప్రయత్నమే చేయలేదు. వణుకు మొదలైతే కండరాల్లో నిల్వ ఉండే చక్కెర ఇంధనం, గ్లైకోజెన్, అటు కూడా ఖర్చవుతుంది, అంటే తిండి ఎక్కువ కావాల్సిన రోజునే తక్కువ పడింది. ఇందుకు మందు చాలా తేలిక. జెల్స్ మొత్తాన్ని ఒక సీసాలో పిండి, కొంచెం నీళ్లు కలిపి, ఫ్రేమ్ మీద ఉంచాలి. ఏదీ చింపే పని ఉండకూడదు. చలిలో దాహం తెలియదు, మూత్రం మాత్రం ఎక్కువవుతుంది. కాబట్టి దాహాన్ని నమ్మకుండా పది పదిహేను నిమిషాలకోసారి గుక్క తాగాలి.

వేళ్లను కనిపెట్టడానికి ఒక పరీక్ష ఉంది. ప్రతి చుట్టులో గాలి మరుగున్న చోట బొటనవేలి కొనను చిటికెన వేలి కొనకు ఆనించి చూసుకోవాలి. ఆనకపోతే బ్రేకు పిండే బలం కూడా తగ్గిందని అర్థం. అప్పటి నుంచి మలుపుల ముందు వేగం ఇంకా ముందుగా తగ్గించుకోవాలి, రెండు వేళ్లతో కాక నాలుగు వేళ్లతో లివర్ పట్టాలి. రెండు చేతులకూ ఆనకపోతే ఆగిపోవడం గురించి ఆలోచించాలి. బ్రేకు వేయలేనివాడు తన ఒక్కడికే ప్రమాదం కాదు.

తడి రోడ్డు మీద పట్టు పోయే చోట్లు అందరికీ తెలిసినవే: తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనల ఇనుప అతుకులు. ఎండిన రోజుల తర్వాత మొదటి వాన అయితే రోడ్డు మీది నూనె తేలి ఇంకా జారుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్ మహిళల రేసులో రాత్రి కురిసిన వానకు తడిసిన రోడ్ల మీద ప్రపంచంలోనే మేటి క్రీడాకారిణులు జారిపడ్డారు. నైపుణ్యం ఉంటే చాలదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. అలాంటి చోట్లను సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే దాటాలి. బ్రేకు పని మలుపుకు ముందే ముగించి, బయటి కాలి పెడల్‌ను కిందికి తొక్కిపెట్టి, దాని మీద బరువు వేసి తిరగాలి. రిమ్ బ్రేకులైతే లివర్ పట్టాక చక్రం తిరిగే మొదటి ఒకటి రెండు చుట్లు నీళ్లు తుడవడానికే పోతాయి, కార్బన్ రిమ్‌లైతే మరీను. మలుపుకు ముందే ఒకసారి తేలిగ్గా తాకించి ఉంచాలి.

టైరులో గాలి ఇతను మామూలుగానే 28 మి.మీ. ట్యూబ్‌లెస్‌లో 70 పీఎస్ఐ పెట్టాడు. 5 నుంచి 8 పీఎస్ఐ తగ్గించి ఉండాల్సింది. పెద్ద తప్పేం కాదు. అంతకన్నా పెద్దది ముందు చక్రం. 60 మి.మీ. లోతున్న రిమ్‌కు పక్కగాలి విసురు తగిలితే హ్యాండిల్ దానంతటది తిరుగుతుంది. ఇలాంటి రోజున ముందు 40 మి.మీ.కి మించని రిమ్ ఉండాలి. వెనక లోతైనది ఉన్నా ఫర్వాలేదు, దాని మీద గాలి తోపు స్టీరింగ్‌ను తిప్పదు. విసురు తగిలేది చెట్ల వరుస అయిపోయే చోట, భవనాల మధ్య ఖాళీలో, పెద్ద వాహనం పక్కనుంచి తప్పుకున్నాక. ఆ చోట్లు రాకముందే ఏరో బార్ల (మోచేతులు ఆన్చి వంగి పట్టుకునే ముందు కడ్డీలు) మీంచి లేచి బేస్ బార్ (బ్రేకులుండే వెడల్పాటి హ్యాండిల్) పట్టుకోవాలి, మోచేతులు వదులుగా ఉంచాలి. ఇతను ఏరోలోనే ఉండి, ప్రతి విసురుకూ బిగుసుకుని, రెండుసార్లు రోడ్డు మధ్యగీత దాకా వెళ్లాడు. బిగుసుకున్న భుజాలు ఆ తర్వాత పరుగులో కూడా వదల్లేదు.

వేగం చూస్తూ తొక్కడం మరో పొరపాటు. ఎదురుగాలి పక్కన 26 కనబడగానే కంగారుపడి 240 వాట్ల దాకా తోశాడు, గాలి వెంట వచ్చేటప్పుడు 44 చూసి సంతోషించి వాట్లు వదిలేశాడు. ఎదురుగాలిలో లక్ష్యం కన్నా 5 శాతం పైన, వెంటగాలిలో అంతే కింద ఉంచితే చాలు. అంతకు మించి ఊగితే కాళ్లు ముందు అలిసిపోతాయి, వెంటగాలి పక్కన ఒళ్లు చల్లబడుతుంది.

పరుగు

టీ2లో, అంటే సైకిల్ నుంచి పరుగుకు మారే చోట, పరుగు బూట్లకు సాగే లేసులు ఉండబట్టి బతికిపోయాడు. పాదాలు మొద్దుబారినప్పుడు నేల తగిలే తీరు తెలియదు. మొదటి రెండు మూడు కిలోమీటర్లు అడుగులు పొట్టిగా, త్వరగా వేయాలి, పిక్కలు పట్టేసేది పెద్ద అడుగులతోనే. పరుగులో ఒకరి వెనక ఒకరు వెళ్లడానికి నియమాలు అడ్డురావు. ఎదురుగాలి పక్కన తన వేగానికి కాస్త ఎక్కువైనా ఒక గుంపును పట్టుకోవడం మంచిది. జాకెట్ ఉంటే మొదటి కిలోమీటర్లో తీసేయకూడదు, ఒళ్లు వేడెక్కిందని తెలిశాక జిప్ దించుకోవచ్చు.

ఈ దశలో రేసు ఆపాలో వద్దో క్రీడాకారుడు తేల్చుకోలేడు, ఎందుకంటే లోపలి ఉష్ణోగ్రత 35కి దిగితే ముందు దెబ్బతినేది నిర్ణయం తీసుకునే తెలివే. బయటివాళ్లు చూడాల్సినవి నాలుగు: మాట ముద్దగా రావడం, తూలడం, చేతిలోని వస్తువులు జారవిడవడం, కారణం లేకుండా విసుక్కోవడం. వీటిలో రెండు కనబడితే ఆపాలి. వణుకు తగ్గింది కదా అని ఊరట పడకూడదు. చలి తగ్గకుండా వణుకు ఆగితే పరిస్థితి ఇంకా దిగజారిందని అర్థం.

ముగింపు గీత దాటాక

చెవిలో పెట్టే థర్మామీటర్ చలికి తప్పు చూపిస్తుంది. అనుమానం ఉన్నప్పుడు వైద్య బృందం మలద్వార ఉష్ణోగ్రతే చూడాలి. ముందు గాలి మరుగుకు చేర్చాలి, పడుకోబెట్టాలి, తడి బట్టలు విప్పేసి పొడి దుప్పట్లు చుట్టాలి. మెరిసే రేకు దుప్పటి తడి బట్టల మీద కప్పితే పెద్దగా ఉపయోగం లేదు. పూర్తి స్పృహలో ఉండి, మింగగలిగితే వేడి తీపి పానీయం ఇవ్వచ్చు. చేతులు, కాళ్లు రుద్దకూడదు, వేడినీళ్ల షవర్ కింద నిలబెట్టకూడదు. చర్మంలోని రక్తనాళాలు ఒక్కసారిగా తెరుచుకుంటే రక్తపోటు పడిపోయి అక్కడే కూలిపోవచ్చు. మద్యం అసలే వద్దు. ఇతనికి వణుకు తగ్గడానికి 40 నిమిషాలు పట్టింది. పొడి బట్టల సంచి ముగింపు గీత దగ్గర కాక దూరంగా కారులో ఉండటంతో అందులో 15 నిమిషాలు వృథా అయ్యాయి.

ఇదే ప్లాన్‌ను తిరగరాస్తే మారేవి ఇవి: నీళ్లలో నాలుగు నిమిషాల వార్మప్, రెండు టోపీలు, టీ1లో అదనంగా ఒక నిమిషం, ముంజేతులు కప్పడం, జెల్స్ సీసాలో, ముందు చక్రం 40 మి.మీ., టైర్లు 63 పీఎస్ఐ, వాట్లు 200 నుంచి 220 మధ్య. గాలివానకు ఎలాగూ మూడు నాలుగు నిమిషాలు ఇచ్చుకోవాలి. మిగతా పది నిమిషాల్లో ఎక్కువ భాగం తిరిగి వస్తుంది.

సైకిల్‌ను అదేరోజు చూడాలి. సీట్‌పోస్ట్ తీసి ఫ్రేమ్‌ను బోర్లించి లోపలి నీళ్లు కార్చాలి, చైన్ తుడిచి ఆరాక నూనె వేయాలి, బ్రేకు ప్యాడ్లలో ఇరుక్కున్న ఇసుక రేణువులు తీసేయాలి. హెడ్‌సెట్ బేరింగ్ తిప్పితే గరగరమంటే గ్రీజు మార్చాలి. వెట్‌సూట్‌ను మంచినీళ్లతో కడిగి, తిరగేసి నీడలో ఆరేయాలి.